బేసిక్ అంత తక్కువ ఎందుకైంది? వైజాగ్ సాఫ్ట్‌వేర్ ఆఫీసుల పాత లెక్క

2025 నవంబర్ 21న కేంద్రం, పాత కార్మిక చట్టాల స్థానంలో చేసిన నాలుగు లేబర్ కోడ్‌లనూ ఒకేసారి అమల్లోకి తెచ్చినప్పటి నుంచీ రుషికొండ, మధురవాడ ఆఫీసుల్లో అందరిదీ ఒకటే టెన్షన్: చేతికొచ్చేది తగ్గుతుందా? అలవెన్సులన్నీ కలిపి మొత్తం జీతంలో సగం దాటితే, దాటిన మేరకు వేతనం కిందే లెక్కగట్టాలన్నది కొత్త నిబంధన. పీఎఫ్, గ్రాట్యుటీ లెక్కలు ఆ వేతనం మీదే కదా. అసలు సగానికి పైగా జీతం అలవెన్సుల్లోకి ఎలా వెళ్లిపోయిందో మాత్రం ఎవరూ అడగడం లేదు.

నాకు బాగా తెలిసిన ఒక హెచ్‌ఆర్ మేనేజర్ ఉన్నారు. ఆంధ్రా యూనివర్సిటీలో ఎంహెచ్‌ఆర్‌ఎం (మానవ వనరుల నిర్వహణలో పీజీ) చదివారు. ఆ కోర్సు చేసినవాళ్ల చూపంతా అప్పట్లో స్టీల్ ప్లాంట్, షిప్‌యార్డ్, బీహెచ్‌పీవీల మీదే ఉండేది. ఈవిడ కూడా ఫ్యాక్టరీల చట్టం, పారిశ్రామిక వివాదాల చట్టం బట్టీపట్టి, తీరా ద్వారకానగర్‌లో ఓ అపార్ట్‌మెంట్ ఫ్లాట్‌లో నడిచే చిన్న సాఫ్ట్‌వేర్ కంపెనీలో చేరారు. సత్యం, హెచ్‌ఎస్‌బీసీ, విప్రో ఊళ్లో మనుషుల్ని తీసుకుంటున్న రోజులవి. వెయ్యి రూపాయలు ఎక్కువిస్తామంటే చాలు, కుర్రాళ్లు మర్నాడే పేపర్ పెట్టేసేవారు. పెద్ద కంపెనీలతో పోటీపడే డబ్బు చిన్న కంపెనీ దగ్గర ఎక్కడుంటుంది? ఉన్నదాన్నే పెద్దగా కనిపించేలా పేర్చాలి, ఆ పేర్చే పని మేడమ్‌ది.

ఎక్సెల్ షీట్‌లో మొదటి గడి బేసిక్, మొత్తంలో ముప్ఫై శాతం. తర్వాత హెచ్‌ఆర్‌ఏ, అంటే ఇంటద్దె అలవెన్స్. ఆపైన కన్వేయన్స్ 800, మెడికల్ 1,250, అప్పటికి ఈ రెంటికీ (మెడికల్‌కైతే బిల్లులు చూపిస్తే) పన్ను మినహాయింపు ఉండేది కాబట్టి. ఇవన్నీ పోగా మిగిలిందంతా చివరి గడిలో స్పెషల్ అలవెన్స్. అందులో స్పెషల్ ఏమీ లేదు, కూడిక సరిపోవడానికి పెట్టిన అంకె. పీఎఫ్‌ని చట్టం చెప్పిన పరిమితి దగ్గరే ఆపేశారు: 6,500 మీద 12 శాతం, అంటే నెలకి 780. 2014 సెప్టెంబర్‌లో ఆ పరిమితి 15,000 అయ్యాక 1,800. అదైనా “ఇంత కోసేస్తే ఏటి మిగుల్తాది మేడమ్” అని అడిగినవాళ్లే ఎక్కువట. కాబట్టి తప్పంతా యాజమాన్యం మీద తోసేయలేం. మనమూ తక్కువ తినలేదు.

ఇదే ఊళ్లో స్టీల్ ప్లాంట్ ఇళ్లలో లెక్క వేరుగా ఉండేది. పెళ్లి సంబంధం వస్తే ఉక్కునగరం పెద్దాయన మొదట అడిగేది బేసిక్ ఎంత, డీఏ ఎంత అని. మన సాఫ్ట్‌వేర్ కుర్రాడేమో సీటీసీ, అంటే తన మీద కంపెనీకయ్యే మొత్తం ఖర్చు చెప్పేవాడు. ఆ సీటీసీలో గ్రాట్యుటీ (ఉద్యోగం వదిలేటప్పుడు సర్వీసుకి ఇచ్చే మొత్తం) అని ఇంకో వరస కూడా ఉంటుంది, బేసిక్ మీద 4.81 శాతం. ఏడాదికి పదిహేను రోజుల జీతాన్ని నెలకి ఇరవయ్యారు పనిదినాల చొప్పున లెక్కేసి పన్నెండు నెలలకు పంచితే వచ్చే అంకె అది. అయిదేళ్లు నిండకుండా మానేస్తే రూపాయి రాదు. ఆఫర్ లెటర్‌లో చూసి మురిసిపోయి, రెండేళ్లకే బెంగళూరు రైలెక్కినవాళ్లు ఎంతమందో! (ఫిక్స్‌డ్ టర్మ్, అంటే నిర్ణీత గడువు మీద చేరినవాళ్లకి కొత్త కోడ్ ఆ అయిదేళ్లని ఏడాదికి తగ్గించింది.)

2009 జనవరి 7న సత్యం లెక్కలు బోగస్ అని రామలింగరాజు లేఖ రాశాక, జీతం పేర్పు గురించి ప్రశ్నలే ఆగిపోయాయి. ఉద్యోగం ఉంటే అదే పదివేలు అనుకున్నారు. మేడమ్ టేబుల్ మీద రెజ్యూమేలు గుట్టపడ్డాయి. తర్వాత కంపెనీ పెరిగి రుషికొండ మీదికి మారింది, మనుషులు పెరిగారు, ఆ షీట్ మాత్రం అలాగే కాపీ అవుతూ వచ్చింది.

తక్కువ బేసిక్ దెబ్బ ఎక్కడ తగులుతుందంటే, ఒకేచోట పాతుకుపోయినవాళ్లకి. గ్రాట్యుటీ చివరి జీతం మీద, మొత్తం సర్వీసుకి కడతారు. నెలకి లక్ష జీతం, ఇరవై ఏళ్ల సర్వీసు అనుకోండి. బేసిక్ 30,000 అయితే వచ్చేది దాదాపు 3.46 లక్షలు, అదే 50,000 అయితే 5.77 లక్షలు. గరిష్ఠ పరిమితి 2018 నుంచి 20 లక్షలు ఉన్నా, అంత తక్కువ బేసిక్‌తో దాని దరిదాపుల్లోకి కూడా వెళ్లలేం. కొత్త నిర్వచనం వల్ల ఒక్కసారిగా పాత సర్వీసంతటికీ బాకీ పెరుగుతుంది కనుకే, 2025 డిసెంబర్ త్రైమాసికంలో టీసీఎస్, ఇన్ఫోసిస్ లాంటివి దీనికోసం పెద్ద మొత్తాలు ఖర్చు కింద చూపించాయి.

మేడమ్ కంపెనీలో కూడా ఎవరికి గ్రాట్యుటీ ఎంత పెరుగుతుందో జాబితా ఇమ్మని ఎండీ అడిగారు. సర్వీసు వారీగా పేర్చితే మొదటి పేరు ఆవిడదే. ఇన్నాళ్లూ తనకి కూడా అదే ముప్ఫై శాతం వేసుకున్నారు మరి. తన లెక్క తనే తేల్చుకుంటే బాగుండదని, ఆ ఒక్క వరస మటుకు ఆడిటర్‌కి పంపారు. కొత్తగా చేరిన పిల్లలేమో ఆవిడ కేబిన్ బయట నిలబడి ఇంకా చేతికొచ్చేది ఎంత అనే అడుగుతున్నారు.