అలల పక్కన తీపినుయ్యి

బారువ సమీపంలోని ఒక తీరగ్రామం నుంచి ఒక పాఠకుడు ఇలా రాశారు: "మా తాతగారు తవ్వించిన నుయ్యి ఇరవై అడుగుల లోతు. అలల హోరు వినిపించేంత దగ్గరలో సముద్రం ఉన్నా ఆ నీరు తియ్యగానే ఉండేది. ఈ మధ్య అదే పెరట్లో నూరు అడుగుల బోరు వేయిస్తే నోట పెట్టలేని ఉప్పునీరు పడింది. లోతుకు వెళ్లేకొద్దీ మంచినీరు రావాలి కదా?"

శ్రీకాకుళం తీరంలో వాననీటిని గురించి మాట్లాడడానికి ఇంతకంటే మంచి ప్రశ్న నాకు తోచదు. సముద్రపు నీటినే ఇసుక వడకట్టి తియ్యగా మారుస్తుందని చాలామంది నమ్ముతారు. కానీ నీటిలో కరిగిన ఉప్పును ఇసుక ఆపలేదు. ఆ నూతిలో ఉన్నది అచ్చంగా వాననీరు. ఇసుకలోకి ఇంకిన వాన, అడుగున ఉన్న ఉప్పునీటి మీద తేలుతూ నిలిచి ఉంటుంది.

ఎలా తేలుతుందో చూద్దాం. మంచినీటి సాంద్రత 1 అయితే సముద్రపు నీటి సాంద్రత సుమారు 1.025. అందువల్ల 40 మీటర్ల ఉప్పునీటి స్తంభమూ, 41 మీటర్ల మంచినీటి స్తంభమూ సమానంగా తూగుతాయి. ఎక్కువైన ఆ ఒక్క మీటరే సముద్రమట్టానికి పైన ఉంటుంది, తక్కిన 40 మీటర్లూ కిందికి దిగి ఉంటాయి. పంతొమ్మిదో శతాబ్దం చివర నెదర్లాండ్స్‌లో బాడన్ గైబెన్, 1901లో జర్మనీలో హెర్జ్‌బర్గ్ విడివిడిగా ఈ లెక్క తేల్చారు. పాఠకుని పెరట్లో నీటిమట్టం సముద్రమట్టం కంటే అర మీటరు ఎత్తున ఉందనుకుంటే, మంచినీరు 20 మీటర్ల లోతు వరకే ఉంటుంది. నూరు అడుగులంటే 30 మీటర్లు. బోరు మంచినీటిని పూర్తిగా దాటుకుని ఉప్పునీటిలోకి దిగిపోయింది.

ఈ లెక్కను ఇంకొంచెం ముందుకు తీసుకువెళ్తే నాకు ప్రతిసారీ ఒళ్లు జలదరిస్తుంది. ఇసుకలో రేణువుల మధ్య ఖాళీ సుమారు 30 శాతం. నీటిమట్టం ఒక్క మీటరు పెరగాలంటే మొత్తం 41 మీటర్ల మందాన ఇసుక మంచినీటితో నిండాలి, అంటే 12.3 మీటర్ల నీరు ఇంకాలి. మన జిల్లాలో ఏడాదికి కురిసేది సుమారు 1100 మిల్లీమీటర్లు. ఆవిరి కాకుండా, సముద్రంలోకి జారిపోకుండా, ఒక్క చుక్కా వృథా పోకుండా ఇంకినా పదకొండేళ్ల వాన కావాలి. ఆ నూతిలోని నీరు ఎన్నో ఏళ్ల వానల కూడిక.

తోడేటప్పుడు ఇదే నిష్పత్తి ఎదురు తిరుగుతుంది. మోటారు నీటిమట్టాన్ని ఒక అడుగు దింపి అలాగే ఉంచితే, అడుగున ఉప్పునీరు నలభై అడుగులు పైకి ఉబికి రావడానికి సిద్ధమవుతుంది. తీరప్రాంతపు బడులలో దీన్ని పిల్లలకు చూపించవచ్చు. లీటరు నీటిలో 35 గ్రాముల ఉప్పు, చిటికెడు పసుపు కలిపి, గాజుగ్లాసును సగం వరకు ఆ నీటితో నింపాలి. చెంచాను అడ్డంగా పట్టుకుని దాని మీదుగా మంచినీటిని మెల్లగా జార్చితే అది పైనే నిలుస్తుంది. స్ట్రా కొసను సరిహద్దుకు కాస్త పైన ఉంచి గట్టిగా పీలిస్తే పసుపునీరు పైకి లేచి వస్తుంది. నేలలో సరిహద్దు ఇంత స్పష్టంగా ఉండదు, రెండు నీళ్లూ కలిసిన పొర ఒకటి మధ్యలో ఉంటుంది.

అరచేతిలో కొబ్బరికాయ నిలబెట్టించి నీటి జాడ వెతికించడం మన ఊళ్లలో ఇప్పటికీ ఉంది. తీరపు ఇసుకలో ఎక్కడ తవ్వినా నీరు పడుతుంది కాబట్టి కాయ లేచిన ప్రతిచోటా నమ్మకం గట్టిపడుతుంది. ఇక్కడ తెలుసుకోవలసింది ఎక్కడ తవ్వాలన్నది కాదు, ఎంత లోతులో ఆపాలన్నది. ఆ మాట కొబ్బరికాయ చెప్పదు.

ఇక ఇంటి సంగతి. నూరు చదరపు మీటర్ల డాబా మీద పడే వానలో 80 శాతం పట్టుకున్నా ఏడాదికి 88 వేల లీటర్లు. నలుగురున్న ఇంటికి తాగడానికీ వంటకూ రోజుకు 20 లీటర్ల చొప్పున ఆరు నెలలకు 3600 లీటర్లు చాలు. కాబట్టి పెద్ద ట్యాంకు కోసం అప్పు చేయనక్కరలేదు. నాలుగువేల లీటర్లది, వెలుతురు చొరకుండా మూతా, దోమలు దూరకుండా సన్నని వలా ఉన్నది సరిపోతుంది. తొలి వానను బయటికి వదిలేసి తర్వాతి నీటిని నింపుకోవాలి, కాచి తాగాలి. మిగిలిన 84 వేల లీటర్లను ఇసుకకు అప్పగించాలి. మరుగుదొడ్డి గుంతకు దూరంగా తవ్విన ఇంకుడు గుంత చాలు.

అయితే ఒక్క ఇల్లు ఇంకించిన నీరు ఆ పెరటి కిందే నిలవదు, చుట్టూ పరుచుకుంటుంది. ఊరంతా పూనుకుంటేనే అది మట్టంలో కనిపిస్తుంది. ఇసుకదిబ్బల మధ్య పల్లాలలో వాన నిలిచే చోట్లను పూడ్చడం, వాటి పక్కనే ఉప్పునీటి రొయ్యల చెరువులు తవ్వడం నన్ను నిజంగా బాధపెడుతుంది. మొదటిది ఇంకే దారిని మూస్తుంది, రెండోది ఉప్పును పైనుంచే దించుతుంది.

ఉత్తరం రాసిన ఆయనకు నా సలహా ఇది. బోరును తెరిచి వదిలేయకుండా సిమెంటుతో పూడ్పించండి. తాతగారి నూతిలో పూడిక తీయించండి గాని, వేసవిలో నీరు నిలిచే మట్టానికి మరీ కిందికి తవ్వించకండి. పెద్ద మోటారు బదులు చిన్నది బిగించి, ఉదయం కాసేపు, సాయంత్రం కాసేపు తోడుకుని, మధ్యలో నూతిని ఊరనివ్వండి.