గెలిచినవాళ్ళకు డబ్బు గుర్రం ఇస్తుందా?

చిరంజీవులకు తాతయ్య ఆశీస్సులు.

మొన్న ఆదివారం మీరు బాబాయి వెంట గుర్రప్పందేలకు వెళ్ళారనీ, బాబాయి తెచ్చుకున్నదంతా పోగొట్టుకున్నాడనీ, తిరిగి వచ్చేటప్పుడు చిన్నది "గెలిచినవాళ్ళకు డబ్బు ఎవరిస్తారు, గుర్రం ఇస్తుందా?" అని అడిగితే అందరూ నవ్వారనీ మీ నాన్న చెప్పాడు. ఆ ప్రశ్నకు నవ్వడం తప్పు. ఏళ్ళ తరబడి రేసులకు వెళ్ళేవాళ్ళలో చాలామంది ఆ ఒక్క ప్రశ్న వేసుకోకుండానే జేబు ఖాళీ చేసుకుంటారు.

ఒక కుండను ఊహించుకోండి. పందెం కాసే పిల్లలందరూ అందులో గోలీలు వేస్తారు. ఎవరు ఏ గుర్రం మీద ఎన్ని వేశారో కుండ దగ్గర కూర్చున్నవాడు రాసుకుంటాడు. మొత్తం 100 గోలీలు పడ్డాయనుకుందాం. ఏ గుర్రం గెలిచినా సరే, కుండవాడు ముందుగా 20 గోలీలు తీసి పక్కన పెట్టుకుంటాడు. మైదానం నడపడానికి, గుర్రాల యజమానులకు బహుమతులివ్వడానికి, ప్రభుత్వానికి పన్ను కట్టడానికి అవి కావాలి. ఈ వాటా ఒక్కో దేశంలో ఒక్కో రకంగా ఉంటుంది కాని, వాటా తీయని కుండ మాత్రం ఉండదు. మిగిలిన 80 గోలీలను గెలిచిన గుర్రం మీద వేసినవాళ్ళు పంచుకుంటారు. ఆ గుర్రం మీద 40 గోలీలు పడి ఉంటే ఒక్కో గోలీకి రెండు వస్తాయి, నాలుగే పడి ఉంటే ఇరవై వస్తాయి. కాబట్టి, చిన్నమ్మా, గెలిచిన పిల్లలకు గోలీలు ఇచ్చేది ఓడిన పిల్లలు. గుర్రానికి ఆ కుండ సంగతే తెలియదు.

ఈ కుండను 1860లలో పారిస్‌లో జోసెఫ్ ఒలేర్ అనే ఆయన ఆలోచించి పెట్టాడు. పిల్లలు వేలమందైనప్పుడు గోలీలు లెక్కపెట్టడం కష్టమవుతుంది కదా. దానికి యంత్రం కట్టినవాడు జార్జి జూలియస్ అనే ఇంజనీరు. ఆయన యంత్రం మొదటిసారి 1913లో న్యూజిలాండ్‌లోని ఆక్లండ్ దగ్గర ఎలర్‌స్లీ రేసుకోర్సులో పనిచేసింది. తమాషా ఏమిటంటే, ఆయన మొదట దాన్ని ఎన్నికల్లో ఓట్లు లెక్కపెట్టడానికి తయారుచేశాడు. ప్రభుత్వం వద్దంటే పందేలకు మార్చాడు. నాకు ఈ సంగతి చాలా ఇష్టం, ఎందుకంటే మీరు రేసుకోర్సు బోర్డు మీద ఒక్కో గుర్రం పేరు పక్కన చూసిన అంకెలు నిజానికి ఓట్లే. గుర్రం ఎంత వేగంగా పరుగెత్తగలదో ఆ బోర్డుకు తెలియదు, ఎంతమంది దాన్ని నమ్మారో మాత్రమే తెలుసు. అందరూ నమ్మిన గుర్రాన్ని ఫేవరెట్ అంటారు. అది సుమారుగా మూడు పందేలలో ఒకటి గెలుస్తుంది, మిగతా రెండింటిలో జనం ఓటు తప్పుతుంది.

కుండను ఇంకా కింద పెట్టకండి. మీరు వెళ్ళిన రోజు ఎనిమిది పందేలు జరిగాయట. పిల్లలందరూ కలిసి మొదటి పందెంలో 100 గోలీలు వేసి, తిరిగి చేతికి వచ్చిన 80ని రెండో పందెంలో వేసి, అలాగే చివరిదాకా వేస్తూ పోతే ఎన్ని మిగులుతాయో కాగితం మీద లెక్కకట్టండి. 80, 64, 51, అలా దిగుతూ ఎనిమిదో పందెం అయ్యేసరికి దాదాపు 17 ఉంటాయి. ఏ పిల్లవాడూ మోసం చేయలేదు, ఏ గుర్రమూ ద్రోహం చేయలేదు, అయినా 83 గోలీలు కుండవాడి పక్కకు చేరాయి. ఇక బుకీ ఉన్నాడు. అతడు కుండ పక్కన ఇంకో కుండ పెట్టుకుని, ఒక్కో గోలీకి ఎన్ని ఇస్తాడో ముందే చెప్పి, ఆ మాట మీద నిలబడతాడు. ఏ గుర్రం గెలిచినా తనకు కొంత మిగిలేలా అన్ని గుర్రాల ధరలూ కూర్చుకోవాలని చూస్తాడు, ఆ లెక్క తప్పితే తన సొంత గోలీలు పోగొట్టుకుంటాడు. ఇక్కడ నా కుండకు చిల్లు పడుతోందని నాకూ తెలుస్తోంది, కనుక బుకీని వదిలేద్దాం.

నాకు పదకొండేళ్ళప్పుడు మా మేనమామ నన్ను రేసులకు తీసుకెళ్ళాడు. మొదటి పందెంలో ఏ గుర్రమో నన్నే చెప్పమంటే, నుదుటి మీద తెల్ల చుక్క ఉన్నదాన్ని చూపించాను. అది గెలిచింది. ఆ రోజు మాకు జరిగిన నష్టం అదే. మావయ్య నా చెయ్యి మంచిదని నమ్మి ప్రతి పందేనికీ నన్ను అడిగాడు, నేను ప్రతిసారీ ఒక చుక్కనో, తోకనో, రంగునో చూసి చెప్పాను. ఆఖరి పందెం ముగిశాక నేల మీద చించి పారేసిన టికెట్ల మధ్య వంగి, ఎవరైనా గెలిచిన టికెట్టును పొరపాటున పారేశారేమోనని చాలాసేపు వెతికాను. తిరుగు ప్రయాణానికి డబ్బు లేక ఇంటికి నడిచాము. దారిలో మావయ్య నన్ను ఒక్క మాట కూడా అనలేదు. నాలుగో పందెంలో జాకీ కాస్త ముందుగా కదిలి ఉంటే గెలిచేవాళ్ళమని మాత్రం మూడుసార్లు చెప్పాడు. ఓడినవాడికి ఎప్పుడూ "ఉంటే" అనే మాట ఒకటి మిగులుతుంది, పిల్లలూ, దాన్ని పట్టుకునే మళ్ళీ వారం వెళతాడు. మావయ్యా వెళ్ళాడు.

అయితే ఆ రోజు నేను గుర్రాలను సరిగా చూడనేలేదు, చుక్కలను చూశాను. హ్యాండిక్యాప్ పందెంలో బాగా పరుగెత్తే గుర్రం జీనులో సీసపు పలకలు పెట్టి బరువు పెంచుతారనీ, అన్నీ ఒక్కసారే గమ్యం చేరాలన్నది అక్కడి అధికారుల కోరిక అనీ అప్పుడు నాకు తెలియదు. బాగా పరుగెత్తేవాడి జేబులో రాళ్ళు వేసి పరుగెత్తమన్నట్టు! ఆ బరువుతోనే అది గంటకు అరవై కిలోమీటర్ల వేగాన్ని అందుకుంటుంది, దౌడులో ఒక్కో అంగకు ఒక్కో ఊపిరి తీస్తుంది.

పరుగెత్తే గుర్రం నాలుగు కాళ్ళూ ఒకేసారి గాలిలో ఉంటాయా అన్నది మనుషుల కంటికి చాలాకాలం అందలేదు. 1878లో కాలిఫోర్నియాలో ఎడ్వర్డ్ మైబ్రిడ్జ్ దారి పక్కన వరసగా కెమెరాలు నిలిపి, పరుగెత్తే గుర్రమే దారానికి తగిలి ఫొటో తీసుకునేలా చేశాడు. నాలుగు కాళ్ళూ గాలిలో ఉండే క్షణం ఉందని తేలింది. చిత్రకారులు గీసినట్టు కాళ్ళు ముందుకీ వెనక్కీ చాపినప్పుడు కాదు, నాలుగూ పొట్ట కిందికి ముడుచుకున్నప్పుడు. అదంతా ఎవరో పందెం కాయడం వల్ల జరిగిందని కథ చెబుతారు కాని, దానికి ఆధారం దొరకలేదు.

తాను గెలిచినట్టు గుర్రానికి తెలుస్తుందా అని పెద్దవాడు అడిగాడట. దాన్ని నేను కుండలో పెట్టి చెప్పలేను. ముందున్న గుర్రాన్ని దాటాలన్న పట్టుదల కొన్నింటిలో కనిపిస్తుందని వాటిని పెంచేవాళ్ళు అంటారు. గమ్యపు స్తంభం దాటాక ఆగమని జాకీ పగ్గం లాగేదాకా అది పరుగెడుతూనే ఉంటుందన్నది మాత్రం నేను చూశాను.

మళ్ళీ ఎప్పుడైనా బాబాయి తీసుకెళితే, బోర్డు వైపు వెళ్ళకుండా పందేనికి ముందు గుర్రాలను తిప్పే పాడక్ కంచె దగ్గర నిలబడండి. చెవులు ఎటు తిరుగుతున్నాయో, చెమట ఎక్కడ పట్టిందో, పట్టుకుని నడిపించే మనిషి దానితో ఏం మాట్లాడుతున్నాడో చూడండి. పందెం అయ్యాక గెలిచినదాన్నీ ఆఖరున వచ్చినదాన్నీ పక్కపక్కన చూసి, వాటి ముఖాలలో తేడా ఏమైనా ఉందేమో నాకు రాయండి.

ఇట్లు,
మీ తాతయ్య