సీడీఆర్, టవర్ లొకేషన్: అపోహలు – వాస్తవాలు

నేను క్రిమినల్ కేసుల్లో నిందితుల తరఫున వాదిస్తాను. ఇప్పుడు నా టేబుల్ మీదికి వచ్చే చార్జిషీట్లలో చాలావాటికి వెనక ఒక లావుపాటి కట్ట ఉంటోంది. కాల్ డీటెయిల్ రికార్డ్, అంటే అందరూ సీడీఆర్ అనేది. ఏ నంబర్ నుంచి ఏ నంబర్‌కి, ఎన్నిగంటలకు, ఎన్ని సెకన్లు, ఏ హ్యాండ్‌సెట్, కాల్ మొదలైనప్పుడు ఏ సెల్ ఐడీ (ఫోన్ పట్టుకున్న టవర్ యాంటెన్నా గుర్తింపు సంఖ్య), ముగిసినప్పుడు ఏ సెల్ ఐడీ... వందల వరుసలు. మాట్లాడుకున్న మాట ఒక్కటీ అందులో ఉండదు. అయినా ఓపిగ్గా చదివితే ఆ మనిషి రాత్రిళ్లు ఏ వైపు ఉంటాడో, ఏ ఆస్పత్రికి పదేపదే ఫోన్ చేశాడో, రోజూ మాట్లాడే మనిషితో ఏ తేదీన మాటలు ఆగిపోయాయో తెలిసిపోతుంది. నా క్లయింట్‌దే అయినా చదువుతుంటే నాకు ఇబ్బందిగా ఉంటుంది.

క్లయింట్లు, వాళ్ల ఇంట్లోవాళ్లు నా ముందు కూర్చుని అనే మాటలు కొన్నున్నాయి. వాటి గురించే ఇది.

అపోహ: పోలీసులు మన మాటలు వింటారు, అసలు భయం అదే.

ట్యాపింగ్ నిజంగా జరుగుతుంది, దుర్వినియోగమూ జరుగుతుంది. కానీ దానికి చట్టంలో ఎంతోకొంత గట్టి తాళమే ఉంది. 1996లో పీయూసీఎల్ అనే పౌరహక్కుల సంఘం వేసిన కేసులో సుప్రీంకోర్టు ఫోన్ సంభాషణ వ్యక్తిగత గోప్యతలో భాగమని చెప్పి, ట్యాపింగ్‌కి నియమాలు పెట్టింది. కేంద్రంలోనో రాష్ట్రంలోనో హోం సెక్రటరీ రాతపూర్వక ఉత్తర్వు ఇవ్వాలి. ఒక ఉత్తర్వు 60 రోజులు, పొడిగించుకుంటూ పోయినా మొత్తం 180 రోజులు దాటకూడదు. ఆ ఉత్తర్వులు సరైనవో కావో ఒక రివ్యూ కమిటీ చూడాలి. 1885 నాటి టెలిగ్రాఫ్ చట్టం స్థానంలో 2023 టెలికమ్యూనికేషన్స్ చట్టం వచ్చినా ఈ చట్రం దాదాపు అలాగే ఉంది. 2019లో బాంబే హైకోర్టు ఒక లంచం కేసులో ఇలాంటి ఉత్తర్వులు మూడింటిని కొట్టేసి, ఆ రికార్డింగులను ధ్వంసం చేయమంది.

మరి సీడీఆర్‌కి? ఎస్పీ స్థాయి అధికారి, కమిషనరేట్‌లో అయితే డీసీపీ, సంతకంతో టెలికాం కంపెనీలో పోలీసులకు ఇలాంటి సమాచారం ఇచ్చే నోడల్ ఆఫీసర్‌కి ఒక లేఖ వెళ్తే చాలు. మేజిస్ట్రేట్ వారంట్ తప్పనిసరి కాదు. ఆ ఎస్పీ సంతకం నిబంధన బిగించడానికి కూడా ఒక కథ ఉంది. 2013లో, అప్పుడు రాజ్యసభలో ప్రతిపక్ష నేతగా ఉన్న అరుణ్ జైట్లీ కాల్ వివరాలు అక్రమంగా తీసిన వ్యవహారం బయటపడింది. ఢిల్లీలో ఒక కానిస్టేబుల్ అరెస్టయ్యాడు. అంతటి నాయకుడి రికార్డులు తీయడమే అంత సులువైతే మామూలు మనిషి సంగతి ఏమిటి?

అందరం ముందు తలుపుకి గడియ పడిందా లేదా అని చూస్తున్నాం. పెరటి తలుపు ఓరగా తెరిచే ఉంది.

అపోహ: టవర్ లొకేషన్ అంటే మనిషి నిలబడ్డ చోటు.

కోర్టుల్లో నాకు ఎక్కువ పని పెట్టే అపోహ ఇదే. పోలీసులు, కొన్నిసార్లు పబ్లిక్ ప్రాసిక్యూటర్లు కూడా నమ్ముతారు.

సెల్ ఐడీ చెప్పేది ఫోన్ ఏ టవర్‌తో, ఆ టవర్ మీద ఏ వైపు యాంటెన్నాతో మాట్లాడిందన్నదే. మామూలుగా ఒక టవర్ మీద మూడు వైపులా యాంటెన్నాలుంటాయి, ఒక్కొక్కటీ సుమారు 120 డిగ్రీల మేర చూస్తుంది. నగరంలో ఆ ముక్క కొన్ని వందల మీటర్లు ఉండొచ్చు. పల్లెల్లో కిలోమీటర్లు. పాత 2జీ పద్ధతిలో ఒక టవర్ సాంకేతికంగా 35 కిలోమీటర్ల దాకా ఫోన్‌ని పట్టుకోగలదు. పైగా ఫోన్ దగ్గరి టవర్‌నే పట్టుకోవాలన్న నియమం లేదు. సిగ్నల్ ఎక్కడ బాగుంటే అక్కడికి, ఒక టవర్‌లో రద్దీ ఉంటే పక్కదానికి పోతుంది.

ఒక హత్యాయత్నం కేసులో నా క్లయింట్ ఇల్లు పెద్ద చెరువుకి ఇవతలి గట్టున. ఘటన జరిగింది అవతలి గట్టున. సీడీఆర్‌లో రాత్రి 9.12కి ఇవతలి టవర్, 9.14కి అవతలి టవర్, 9.17కి మళ్లీ ఇవతలిది. "నిందితుడు ఘటనా స్థలానికి వెళ్లి వచ్చాడు" అని చార్జిషీట్‌లో రాశారు. చెరువు చుట్టూ రోడ్డు మీద ఏడు కిలోమీటర్లు. రెండు నిమిషాల్లో పోయి, మూడు నిమిషాల్లో తిరిగి రావాలి! నీళ్ల మీదుగా అడ్డం ఏమీ ఉండదు కాబట్టి అవతలి టవర్ సిగ్నల్ నేరుగా ఇంటి డాబా మీదికి కొడుతుంది, ఫోన్ అటూ ఇటూ గెంతుతుంది. క్రాస్ ఎగ్జామినేషన్‌లో నోడల్ ఆఫీసర్‌ని ఆ యాంటెన్నా ఏ దిక్కుకి చూస్తుందని అడిగాను. చెరువు వైపు అన్నారు. దాని పరిధి ఎంతవరకు అని అడిగితే అవతలి గట్టు దాకా ఉండొచ్చన్నారు. అప్పటికి ఆ కుర్రాడు పద్నాలుగు నెలలు జైల్లో ఉన్నాడు.

టవర్ సమాచారం పనికిరాదని నేననడం లేదు. ఫలానా ఊళ్లో ఉన్నాడా, మూడొందల కిలోమీటర్ల అవతల ఉన్నాడా అన్నది అది బాగానే తేలుస్తుంది. ఏ గదిలో ఉన్నాడో తేల్చదు.

అపోహ: సిమ్ మార్చేస్తే, స్విచ్చాఫ్ చేస్తే ఎవరికీ దొరకం.

సిమ్ మారినా హ్యాండ్‌సెట్‌కి ఉన్న 15 అంకెల గుర్తింపు సంఖ్య, ఐఎంఈఐ, మారదు. కొత్త నంబర్ ఆ ఐఎంఈఐతోనే నెట్‌వర్క్‌లోకి వస్తుంది. పోయిన ఫోన్లను సీఈఐఆర్ అనే కేంద్ర ప్రభుత్వ ఐఎంఈఐ రిజిస్టర్ ద్వారా పట్టుకునేది ఇలాగే. ఫోన్ పూర్తిగా ఆపితే టవర్‌తో మాట్లాడదు, నిజమే. ఆపకముందు ఎక్కడుందో మాత్రం రికార్డులో ఉండిపోతుంది.

అపోహ: వాట్సాప్ కాల్ కాబట్టి ఏమీ తెలియదు.

మాట తెలియదు. సీడీఆర్‌లో కూడా రాదు. కానీ డేటా వాడినట్టు, ఏ టవర్ కింద వాడినట్టు ఐపీడీఆర్ అనే వేరే రికార్డులో పడుతుంది.

అపోహ: తప్పు చేయనివాడికి భయమెందుకు?

ఈ మాట విన్నప్పుడల్లా నాకు టవర్ డంప్ గుర్తొస్తుంది. ఎక్కడో దొంగతనం జరిగింది, ఎవరో తెలియదు. ఆ సమయంలో ఆ టవర్ కింద ఉన్న నంబర్లన్నీ తెప్పిస్తారు. దొంగ ఒక్కడు, జాబితాలో వేలమంది. బస్సులో అటుగా వెళ్లినవాళ్లు, పెళ్లికి వచ్చినవాళ్లు, ఇంట్లో నిద్రపోతున్నవాళ్లు. కేసు తేలాక మిగతావాళ్ల వివరాలు ఎవరి కంప్యూటర్‌లో ఉంటాయి, ఎప్పుడు తుడిచేస్తారు? మీ పేరు అందులో ఉందని మీకు ఎవరూ చెప్పరు.

ఇలాంటి సమాచారం అంగట్లో సరుకు కూడా అవుతుంది. 2018లో థానే పోలీసులు సీడీఆర్‌లు అక్రమంగా సంపాదించి అమ్ముతున్నారని ప్రైవేట్ డిటెక్టివ్‌లను అరెస్టు చేశారు.

2017 పుట్టస్వామి తీర్పులో సుప్రీంకోర్టు జడ్జీలు తొమ్మిది మంది ఏకగ్రీవంగా గోప్యత ప్రాథమిక హక్కు అన్నారు. దాన్ని హరించాలంటే చట్టం ఉండాలి, న్యాయమైన అవసరం ఉండాలి, ఆ అవసరానికి తగిన మేరకే ఉండాలి. తప్పు చేయనివాళ్లకే ఈ హక్కు అని ఎక్కడా రాయలేదు. అమెరికాలో 2018లో కార్పెంటర్ కేసులో పోలీసులు ఒక మనిషివి 127 రోజుల టవర్ వివరాలు, మొత్తం 12,898 లొకేషన్లు తీశారు. వారంట్ లేకుండా అలా తీయడం కుదరదని అక్కడి సుప్రీంకోర్టు 5–4తో తేల్చింది. మనకు ఆ ఒక్క మెట్టు ఇంకా రాలేదు. 2023 డేటా రక్షణ చట్టం కూడా నేర దర్యాప్తుకి పెద్ద మినహాయింపే ఇచ్చింది.

అపోహ: బెయిల్ ఇచ్చారంటే లొకేషన్ షేర్ చేయాల్సిందే.

అక్కర్లేదు. 2024 జులైలో ఫ్రాంక్ వైటస్ కేసులో సుప్రీంకోర్టు, నిందితుడు గూగుల్ మ్యాప్స్‌లో పిన్ పెట్టి దర్యాప్తు అధికారికి లొకేషన్ తెలియజేయాలన్న షరతును కొట్టేసింది. బెయిల్ మీద ఉన్నవాడి ప్రతి కదలికనూ పోలీసులు గమనించే షరతు జీవించే హక్కు, వ్యక్తి స్వేచ్ఛ ఇచ్చే రాజ్యాంగం 21వ అధికరణానికి విరుద్ధమంది. మీ ఉత్తర్వులో ఇలాంటిది ఉంటే మీ లాయర్‌కి చూపించండి.

అపోహ: సీడీఆర్ పెట్టారంటే ఇక శిక్షే.

టెలికాం కంపెనీ ఇచ్చిన సర్టిఫికెట్ లేకుండా ఎస్ఐ గారు ప్రింట్ తీసిన ఎక్సెల్ కాగితం సాక్ష్యం కాదు. 2020లో సుప్రీంకోర్టు అర్జున్ పండిత్‌రావ్ తీర్పు ఆ సర్టిఫికెట్ తప్పనిసరి అంది. 2024 జులై 1 నుంచి కొత్త సాక్ష్య చట్టమైన భారతీయ సాక్ష్య అధినియమం 63వ సెక్షన్ కింద హ్యాష్ విలువతో (ఫైల్‌ని మార్చలేదని చూపే డిజిటల్ ముద్ర) సహా ఇవ్వాలి. సెల్ ఐడీ పక్కన టవర్ చిరునామా, యాంటెన్నా దిక్కు ఉన్నాయా చూడండి. ఘటన జరిగిన గంట ఒక్కటే కాకుండా, అంతకుముందు నెలరోజులవి అడగండి. మా చెరువు కేసులో ముందటి వారాల్లో కూడా రాత్రిళ్లు ఫోన్ అలాగే గెంతిందని అలాగే తేలింది.

ఒక్క తొందర మాత్రం పడాలి. కంపెనీలు ఈ రికార్డులు కనీసం రెండేళ్లు ఉంచాలని 2021 డిసెంబరులో నిబంధన మార్చారు, ఆ తర్వాత ఉంటాయన్న భరోసా లేదు. మన దగ్గర విచారణ మొదలయ్యేసరికే రెండేళ్లు దాటే కేసులు బోలెడు. మీవాడు ఆ రాత్రి అక్కడ లేడని ఆ రికార్డే చెప్పాల్సి ఉంటే, చార్జిషీట్ కోసం ఆగకండి. అరెస్టయిన వారంలోనే మేజిస్ట్రేట్ ముందు కొత్త క్రిమినల్ ప్రొసీజర్ చట్టం బీఎన్ఎస్ఎస్ 94వ సెక్షన్ కింద పిటిషన్ వేసి, నంబరూ తేదీలూ స్పష్టంగా రాసి, వాటిని భద్రపరచమని కోరండి.