ఫోన్ ఎక్కడుందో ఎవరు చూడొచ్చు? మనవలకు ఒక ఉత్తరం

కావలి

చిరంజీవులైన మనవళ్లకు, మనవరాళ్లకు తాతయ్య ఆశీస్సులు.

మొన్న ఫోన్లో చిన్నోడు ఒక మాట అడిగాడు. వాళ్ల కాలేజీ దగ్గర బైకు ఎత్తుకుపోయినవాణ్ణి ఒంగోలులో ఫోన్ సిగ్నల్‌ని బట్టి పట్టుకున్నారట. "అట్టయితే తాతయ్యా, నేనెక్కడ తిరుగుతున్నానో కూడా పోలీసులకు తెలుస్తుందా?" అన్నాడు. పక్కనుంచి వాళ్లక్క, "తప్పు చెయ్యనోడికి టెన్షన్ ఎందుకురా?" అంది. రెండూ ఫోన్లో తేలే విషయాలు కావు. టెలిఫోన్ శాఖలో పనిచేసి రిటైరైనవాణ్ణి కాబట్టి ఇందులో సగం నాకు తెలిసిన పనే. చట్టం సంగతులు తర్వాత చదివి తెలుసుకున్నాను.

జేబులో ఊరికే పడున్న ఫోన్ కూడా దగ్గర్లోని టవర్‌కి తన ఉనికి చెబుతూనే ఉంటుంది. చెప్పకపోతే, మీకు కాల్ వచ్చినప్పుడు ఏ టవర్ నుంచి మోగించాలో కంపెనీకి తెలియదు. అంటే ఇది ఎవరో పనిగట్టుకుని పెట్టిన నిఘా కాదు, సెల్‌ఫోన్ పనిచేసే తీరే అంత. కాల్ నడిచిన ప్రతిసారీ ఒక రికార్డు తయారవుతుంది. ఎవరు ఎవరికి చేశారు, ఎన్ని గంటలకు, ఎంతసేపు, ప్రతి హ్యాండ్‌సెట్‌కీ విడిగా ఉండే ఐఎంఈఐ నంబరు ఎంత, ఏ టవర్ కింద ఉన్నారు అన్నీ అందులో పడతాయి. పోలీసులు సీడీఆర్ (కాల్ డీటెయిల్ రికార్డు) అనేది దీన్నే. మాటలు అందులో ఉండవు. 2021 చివర్లో మారిన లైసెన్సు నిబంధనల ప్రకారం కంపెనీలు ఈ రికార్డును కనీసం 2 ఏళ్లు దాచాలి.

అందులో కనిపించే చోటు ఎంత కచ్చితమన్నది ఊరిని బట్టి ఉంటుంది. నెల్లూరు ట్రంకు రోడ్డులో టవర్లు దగ్గర దగ్గరగా ఉంటాయి కాబట్టి కొన్ని వందల మీటర్ల తేడాతో చెప్పొచ్చు. ఉదయగిరి కొండల వైపు పోతే ఆ తేడా కిలోమీటర్లలోకి వెళ్తుంది. టవర్ లెక్క చూసి ఫలానా ఇంట్లోనే ఉన్నాడనడం కుదరదు. ఫోన్ అక్కడుంటే మనిషి కూడా అక్కడే ఉన్నట్టు కాదు. ఈ సంగతి పోలీసులు, లాయర్లు, పేపర్లో రాసేవాళ్లు కూడా ఒక్కోసారి మర్చిపోతుంటారు.

దీనివల్ల మేలు లేదని నేను అనను. తప్పిపోయిన పిల్లల్ని, ఆత్మహత్య చేసుకుంటానని మెసేజ్ పెట్టి ఇల్లు వదిలిపోయినవాళ్లని సిగ్నల్ చూసుకుంటూ పోయి బతికించిన పోలీసులున్నారు. అలాంటి గంటలో ఎవరి సంతకం కోసమూ ఆగకూడదు. పోగొట్టుకున్న ఫోన్లను ఎస్పీ గారు వరసగా బల్లమీద పెట్టి తిరిగిచ్చే ఫోటోలు మీరూ చూసే ఉంటారు. ఐఎంఈఐ నంబరు ఆధారంగా వాటిని పట్టించేది కేంద్రం పెట్టిన సీఈఐఆర్ వ్యవస్థ. స్టార్ హ్యాష్ సున్నా ఆరు హ్యాష్ నొక్కితే మీ ఫోన్‌కున్న 15 అంకెల నంబరు కనపడుతుంది, ఈరోజే పుస్తకంలో రాసిపెట్టుకోండి.

నాకు దిగులు పుట్టించేది ఒక మనిషి లొకేషన్ కాదు, ఒక చోటులోని మనుషులందరి లొకేషన్. దాన్ని టవర్ డంప్ అంటారు. నేరం జరిగిన చోట, జరిగిన వేళలో ఆ టవర్ కింద ఏయే ఫోన్లు ఉన్నాయో మొత్తం జాబితా తెప్పించుకోవడం అన్నమాట. మన నెల్లూరు రొట్టెల పండుగనే తీసుకోండి, కోరికకో రొట్టె చొప్పున ఇచ్చిపుచ్చుకునే పండుగ. మొహర్రం రోజుల్లో స్వర్ణాల చెరువు దగ్గర బారాషహీద్ దర్గాకు లక్షల మంది వస్తారు. అక్కడ ఒక నగల దొంగతనం జరిగి, ఆ సాయంత్రానికి టవర్ డంప్ తీశారనుకోండి. దొంగ నంబరు ఒకటి ఉంటే, దొంగతో ఏ సంబంధమూ లేనివాళ్ల నంబర్లు వేలకు వేలు ఉంటాయి. సంతాన రొట్టె కోసం అత్తగారింట్లో చెప్పకుండా వచ్చిన కోడలు ఉంటుంది. చేస్తున్న ఉద్యోగం నచ్చక, యజమానికి తెలియకుండా ఉద్యోగం రొట్టె పట్టుకోవడానికి వచ్చిన కుర్రాడు ఉంటాడు. వాళ్లు ఏ తప్పూ చేయలేదు. అయినా వాళ్ల కోరిక వాళ్లది, దాన్ని ఎవరికి చెప్పాలన్నది వాళ్ల ఇష్టం.

అమ్మాయీ, నీ ప్రశ్నకు నా జవాబు ఇదే. తప్పు చెయ్యకపోయినా మనిషికి చెప్పుకోని సంగతులుంటాయి. ఆసుపత్రి, లాయరు ఆఫీసు, యూనియన్ మీటింగు, పై అధికారి మీద ఫిర్యాదు పట్టుకుని ఎక్కిన మెట్లు, ఇవేవీ నేరాలు కావు. నీ 2 ఏళ్ల తిరుగుడు ఒక కాగితం మీద పెడితే, నువ్వు నోరు విప్పకుండానే నీ గురించి నీ స్నేహితులకు తెలియనివి కూడా తెలిసిపోతాయి.

ఈ వాదం సెల్‌ఫోన్ కంటే పాతది. ఉత్తరప్రదేశ్‌లో ఖరక్ సింగ్ అనే మనిషిని 1941లో ఒక దోపిడీ కేసులో పట్టుకుని, సాక్ష్యం లేక వదిలేశారు. అయినా పోలీసులు ఆయన మీద హిస్టరీ షీట్, అంటే నిఘా పెట్టాల్సినవాళ్ల దస్త్రం, తెరిచారు. రాత్రిళ్లు తలుపు తట్టడం, ఎక్కడికి పోయాడో, ఇంటికి ఎవరొచ్చారో రాసుకోవడం సాగించారు. ఆయన సుప్రీంకోర్టుకు వెళ్లాడు. 1962లో కోర్టు రాత్రి తలుపు తట్టడాన్ని కొట్టేసింది కానీ, కదలికల మీద కన్నేయడం తప్పు కాదంది. గోప్యత అనే హక్కు రాజ్యాంగంలో లేదని కూడా అంది. ఆ బెంచిలో కోకా సుబ్బారావు గారు ఒప్పుకోలేదు. ఆయన మన రాజమండ్రి మనిషి, గుంటూరులో ఆంధ్ర హైకోర్టు పెట్టినప్పుడు దాని మొదటి ప్రధాన న్యాయమూర్తి. వెంట నీడలా పోలీసు ఉన్నవాడికి దేశమంతా జైలేనని ఆయన తన భిన్న తీర్పులో రాశారు. చుట్టూ గోడలు లేకపోయినా, చూస్తున్నారన్న భయంతో మనిషి తన అడుగు తానే ఆపుకుంటాడని ఆయన గ్రహించారు. నాకు ఆ తీర్పంటే ఎంతో గౌరవం.

ఆ మాట నెగ్గడానికి 55 ఏళ్లు పట్టింది. 2017 ఆగస్టు 24న పుట్టస్వామి కేసులో తొమ్మిది మంది జడ్జీలు ఏకగ్రీవంగా గోప్యత ప్రాథమిక హక్కేనన్నారు. సుబ్బారావు గారి ఆలోచనే సరైనదని ఒప్పుకున్నారు. ఆ తొమ్మిది మందిలో కృష్ణా జిల్లాకు చెందిన జాస్తి చలమేశ్వర్ గారు ఉన్నారు. తర్వాత మన రాష్ట్రానికి గవర్నరుగా వచ్చిన అబ్దుల్ నజీర్ గారూ ఉన్నారు. ప్రభుత్వం ఆ హక్కులో వేలు పెట్టాలంటే చట్టం ఉండాలి, సరైన కారణం ఉండాలి, అవసరానికి మించకూడదు అన్నది ఆ తీర్పు సారం.

మరి ఆచరణ ఎలా ఉంది? 2023 మొదట్లో మన నెల్లూరు రూరల్ ఎమ్మెల్యే తన ఫోన్ ట్యాప్ చేశారని ఆరోపించారు, అప్పటి ప్రభుత్వం కాదంది. టీకొట్ల దగ్గర రోజుల తరబడి అదే చర్చ. లొకేషన్ మాట మాత్రం నాకెక్కడా వినపడలేదు. ట్యాపింగ్‌కి 1996లో సుప్రీంకోర్టు గట్టి షరతులే పెట్టింది. మామూలుగా హోం సెక్రటరీ ఉత్తర్వు కావాలి, దానికి గడువు ఉండాలి, ఒక కమిటీ దాన్ని మళ్లీ చూడాలి. సీడీఆర్‌కి, టవర్ డంప్‌కి అంత పట్టింపు లేదు. మాటలకు టేకు తలుపు పెట్టి, అడుగులకు తడిక కట్టినట్టుంది. 2013లో అప్పటి రాజ్యసభ ప్రతిపక్ష నేత అరుణ్ జైట్లీ కాల్ రికార్డులు అక్రమంగా తీయబోయారన్న కేసులో ఢిల్లీ పోలీసు కానిస్టేబుల్ అరెస్టయ్యాక, ఎస్పీ స్థాయి అధికారి ద్వారానే అడగాలని కేంద్రం కట్టుదిట్టం చేసింది. మంచిదే. కానీ అడిగేదీ పోలీసు శాఖే, సరేననేదీ పోలీసు శాఖే. 2023లో వచ్చిన వ్యక్తిగత డేటా చట్టం కూడా నేర పరిశోధనకు చాలా మినహాయింపులే ఇచ్చింది.

అమెరికాలో కార్పెంటర్ అనే దొంగ కేసులో పోలీసులు జడ్జి వారెంటు లేకుండా 127 రోజుల లొకేషన్ తీశారు. 12,898 చోట్లు దొరికాయి. 2018లో అక్కడి సుప్రీంకోర్టు అది కుదరదు, వారెంటు కావాలంది. మన దగ్గరా మేజిస్ట్రేటు సంతకం ఉండాలని, ప్రాణాపాయంలో ముందు చూసినా ఆ వెంటనే కారణం రాసి కోర్టుకు పంపాలని, టవర్ డంప్‌లో పడిన అమాయకుల నంబర్లు గడువులోగా చెరిపేయాలని నా గట్టి అభిప్రాయం. నిజాయితీగా పనిచేసే ఎస్‌ఐకి దీనివల్ల నష్టం లేదు, అతని కేసు కోర్టులో ఇంకా గట్టిగా నిలబడుతుంది.

మన కోర్టులు ఊరికే లేవు. ఒక నైజీరియా దేశస్థుడికి బెయిలిస్తూ, గూగుల్ మ్యాప్స్‌లో నిత్యం తన చోటు చూపించాలని ఢిల్లీ హైకోర్టు పెట్టిన షరతును 2024లో సుప్రీంకోర్టు కొట్టేసింది. బెయిల్ మీదున్నవాడికే ఆ రక్షణ ఉంటే, ఏ కేసూ లేని మీకు ఎందుకుండదు?

ఒకటి మాత్రం మీ వయసువాళ్లకు ఎదురయ్యేది. 2021లో హైదరాబాద్‌లో గంజాయి తనిఖీల పేరుతో పోలీసులు కుర్రాళ్లను రోడ్డు మీద ఆపి వాట్సాప్‌లో వెతికారు. మీకు అలా జరిగితే గొడవ పెట్టుకోవద్దు, పరుగెత్తొద్దు. "సార్, ఏ కేసు మీద చూస్తున్నారు, నోటీసు ఉందా?" అని మర్యాదగా అడగండి. ఆ అధికారి పేరు, స్టేషన్ గుర్తుపెట్టుకోండి. ఇంటికొచ్చి నాకో మీ నాన్నకో చెప్పండి, లాయరు దగ్గరికి కలిసే పోదాం.

పెద్దోడు లా చదువుతానంటున్నాడు కదా, ఖరక్ సింగ్ తీర్పు చదవమనండి. ఇంటర్నెట్‌లో దొరుకుతుంది. ముందు మెజారిటీ తీర్పు, తర్వాత సుబ్బారావు గారిది. మెజారిటీ వాదంలో బలం ఎక్కడుందో, ఎక్కడ తేలిపోయిందో నాకు రాయమనండి.

ఇట్లు,
మీ తాతయ్య