లెక్క రాస్తే కడుపు కట్టుకోవాలా? ఇంటి బడ్జెట్ మీద అపోహలు - వాస్తవాలు

ఉగాది నాడు గుడిలో పంచాంగ శ్రవణం జరుగుతున్నప్పుడు తన రాశికి ఆదాయమెంతో, వ్యయమెంతో చెవులు రిక్కించి వినని వారు మా నల్లగొండలో అరుదు. ఆదాయం 2, వ్యయం 14 అని పంతులు గారు చదివితే పక్కవారి ముఖం చూసి నవ్వుకుంటాము. అవే ఆదాయ వ్యయాలను సొంత ఇంటికి రాసుకుందామని మహిళా సంఘాల సమావేశంలో నేను అనగానే ఆ నవ్వు మాయమవుతుంది. ఆర్థిక అక్షరాస్యత సలహాదారుగా పన్నెండేళ్ళుగా ఈ జిల్లా ఊళ్ళు తిరుగుతున్నాను. "సారూ, లెక్క రాసుడంటే కడుపు కట్టుకునుడే గదా" అనే మాట వినబడని వారం లేదు.

అపోహ: బడ్జెట్ వేసుకుంటే సరదాలన్నీ మానుకోవాలి.

వాస్తవం: ఇళ్ళను అప్పులలోకి దింపుతున్నవాటిలో ఇంత ఖరీదైన అపోహను నేను మరొకటి చూడలేదు. దీనిని నమ్మినవారిలో సగం మంది లెక్క జోలికే రారు; మిగిలిన సగం మంది ఉపవాస దీక్ష పట్టినట్లు చాయ నుంచి చీర దాకా అన్నీ కొట్టివేసి, పదోనాటికి విసుగెత్తి పుస్తకాన్ని అటక మీద పడవేస్తారు. పుస్తకంలో రాయనంత మాత్రాన బతుకమ్మ రాక మానదు, ఆడబిడ్డ ఇంట్లో శుభకార్యం ఆగదు.

దేవరకొండ వైపు ఒక ఊరిలో ఒక అక్క తన పుస్తకాన్ని కొంగు చాటున పట్టుకుని వచ్చి, అందరూ వెళ్ళిపోయిన తరువాత నాకు చూపించింది. బియ్యం, నూనె, గ్యాస్, బడి ఫీజు అన్నీ ముత్యాల వంటి అక్షరాలతో ఉన్నాయి గాని పన్నెండు నెలల లెక్కలో దసరా అనే మాట ఒక్కచోటా లేదు. ఆ దసరాకే 20,000 రూపాయలు మూడు రూపాయల మిత్తికి తెచ్చారు. "మూడు రూపాయలే గదా" అన్నది. నూటికి నెలకు మూడు రూపాయలంటే ఏడాదికి 36 శాతం. నెలకు 600 చొప్పున మళ్ళీ దసరా వచ్చేనాటికి 7,200 మిత్తికే పోతుంది, అసలు అట్లాగే ఉంటుంది. అదే పండుగకు నెలకు 1,700 పక్కన పెట్టి ఉంటే 12 నెలలకు 20,400 చేతిలో ఉండేది. ఆమె కళ్ళలో నీళ్ళు తిరిగాయి. ఇంతకాలం తాను దుబారా మనిషినని అనుకుంటున్నదట. పిల్లలకు కొత్త బట్టలు కుట్టించడం దుబారా ఎట్లా అవుతుందమ్మా, అది ముందే తెలిసిన ఖర్చు అని చెప్పి, మొదటి పేజీలో మొదటి వరుసగా దసరాను ఆమె చేతనే రాయించాను.

అప్పటి నుంచి ఎవరి ఇంటి లెక్కనైనా నేను సరదాతోనే మొదలుపెట్టిస్తాను. మొదటి వరుస పండుగలు, రెండవది చుట్టాల దావతులు, మూడవది "అడగరాని పైసలు". ఈ మూడవది మా ఇంట్లో పుట్టిన పేరు. ఉద్యోగం కొత్తలో నా భార్య కొన్న గాజుల పక్కన ఎర్ర సిరాతో "వృథా" అని రాశాను. నాలుగు రోజులు ఇంట్లో మాటలు లేవు. ఐదవ రోజు ఆమె అదే ఎర్ర కలంతో నా పాన్ డబ్బా ఖర్చును కూడి, మొత్తం కింద రెండు గీతలు గీసి నా ముందు పెట్టింది. గాజుల కంటే అదే ఎక్కువ. అప్పుడు ఇద్దరికీ నెలకింత అని సమానంగా నిర్ణయించుకున్నాము; ఆ పైసలు ఏమయ్యాయని ఎవరూ ఎవరినీ అడగరాదు. చిన్న మొత్తమే అయినా, ఆ తరువాత మేము లెక్కల పుస్తకం తెరవడానికి ఎన్నడూ జంకలేదు.

అపోహ: బడ్జెట్ జీతగాళ్ళకే గాని రైతులకు కుదరదు.

వాస్తవం: నెలనెలా రాబడి లేనివారికే అది ఎక్కువ అవసరం. పత్తి అమ్మి అప్పులు కట్టగా 1,80,000 మిగిలిందనుకోండి. దానిని రెండవ ఖాతాలో వేసి, ప్రతి ఒకటవ తారీఖున 15,000 చొప్పున ఇంటికి జీతంగా తీసుకుంటే మళ్ళీ పత్తి వచ్చే వరకు ఏడాది గడుస్తుంది. మీకు మీరే జీతమిచ్చుకోవడంలో ఒక దర్జా ఉన్నదని ఒక పెద్దాయన నాతో అన్నాడు.

అపోహ: ఖాతాలో పైసలు కనబడితే రేషన్ కార్డు తీసివేస్తారు.

వాస్తవం: ఈ పుకారు పుట్టించినవారు ఎదురుపడితే బాగుండునని నాకు చాలాసార్లు అనిపించింది. తెలంగాణలో కార్డుకు చూసేది కుటుంబ వార్షికాదాయం (ఊళ్ళలో 1.5 లక్షల వరకు, పట్టణాలలో 2 లక్షల వరకు), భూమి (తరి అంటే మాగాణి 3.5 ఎకరాల వరకు, ఖుష్కీ అంటే మెట్ట 7.5 ఎకరాల వరకు). పొదుపు ఖాతాలోని నిల్వ ఆ కొలతలలో లేదు. బ్యాంకు మునిగితే ఎట్లా అనేవారికి మరొక మాట: 2020 ఫిబ్రవరి 4 నుంచి ఒక్కో బ్యాంకులో ఒక్కొక్కరి డిపాజిట్‌కు 5 లక్షల వరకు బీమా ఉన్నది. బియ్యం డబ్బాలో దాచిన నోట్లకు ఆ బీమా లేదు.

అపోహ: మంచి యాప్ లేనిదే లెక్క సాగదు.

వాస్తవం: పిల్లల పాత నోటుబుక్కు, ఒక గల్లగురిగి (పైసలు దాచుకునే మట్టి ముంత) చాలు. దేవరకొండ అక్క పుస్తకాన్ని ఇప్పుడు ఆరవ తరగతి చదువుతున్న ఆమె బిడ్డ రాస్తున్నది. బతుకమ్మ వరుస పక్కన తంగేడు పువ్వు బొమ్మ వేసి, నెలనెలా పైసలు పడ్డప్పుడల్లా ఒక రేకకు రంగు నింపుతున్నది. తన అడగరాని పైసలను 300 నుంచి 400 చేయాలని తండ్రి పెట్టుకున్న అర్జీ మాత్రం, నేను పోయినసారి చూసినప్పటికి, ఆఖరి పేజీలో ఆమోదం లేకుండానే ఉన్నది.