మడ అడవి చుట్టునడక: అపోహలు - వాస్తవాలు

విజయవాడ నుంచి మచిలీపట్నం సుమారు 70 కిలోమీటర్లు, గుంటూరు నుంచి బాపట్ల 50 పైచిలుకు. కొండపల్లి, కొండవీడు ఎక్కినవాళ్లు సముద్రం వైపు నడకంటే "ఎక్కేదేముంది, అంతా చదునేగా" అంటారు. నిజమే, కానీ ఇక్కడ ఇబ్బంది పెట్టేవి ఇసుక, ఉక్క, పోటు. మడ చెట్ల పక్కన గట్టు మీద వెళ్లి, ఒడ్డున ఇసుక మీదుగా బయల్దేరిన చోటికే వచ్చే ఐదారు కిలోమీటర్ల దారి గురించి రాస్తున్నాం. కృష్ణా అభయారణ్యం హద్దులోకి వెళ్లాలంటే అటవీశాఖ అనుమతి ముందే తీసుకోవాలి.

అపోహ: ఐదు కిలోమీటర్లేగా, గంటలో అయిపోతుంది.

గట్టు మీదైతే దాదాపు అంతే. పొడి ఇసుకలో మాత్రం అడుగు దిగబడి వెనక్కి జారుతుంది. గట్టి నేల మీద నడకకన్నా రెండు రెట్లకు పైగా శక్తి ఖర్చవుతుంది, ముందు పిక్కలు పట్టేస్తాయి. పిల్లలూ పెద్దవాళ్లూ ఉంటే మూడు గంటలు వేసుకోండి. నీరు తీసేసిన తడి ఇసుక గట్టిగా ఉంటుంది, అందుకే ఇసుక భాగం ఆటు వేళకు రావాలి.

అపోహ: పోయిన ఆదివారం ఏడింటికి పాయ దాటాం, ఈ ఆదివారమూ దాటొచ్చు.

అన్నిటికన్నా ప్రమాదకరమైన మాట ఇదే. రోజుకు రెండు పోట్లు, రెండు ఆట్లు. ఆ వేళలు రోజూ సుమారు 50 నిమిషాలు వెనక్కి జరుగుతాయి. ఈ ఆదివారం 7 గంటలకు పూర్తి ఆటు ఉంటే సోమవారం 7.50కి. అలా ఏడు రోజులకు దాదాపు ఆరు గంటలు జరిగి, వచ్చే ఆదివారం అదే 7 గంటలకు పోటు నిండుగా ఉంటుంది. అప్పుడు చీలమండ లోతున దాటిన పాయ ఇప్పుడు నడుము లోతు ఉండొచ్చు. అమావాస్య, పౌర్ణమి రోజుల్లో పోటు ఇంకా పెద్దది. పైగా లోపలి పాయల్లో నీరు ఒడ్డుకన్నా ఆలస్యంగా తిరుగుతుంది. ఒడ్డున నీరు తీస్తోంది కదా అని పాయలోనూ తీస్తోందనుకోవద్దు. సముద్ర సమాచారం ఇచ్చే కేంద్ర సంస్థ ఇన్‌కాయిస్ చెప్పే పోటు, ఆటు వేళలు, అలల హెచ్చరికలు చూసి, ఆటుకు గంటన్నర ముందు గట్టు వైపు నుంచి బయల్దేరండి.

అపోహ: సముద్రపు గాలికి వడదెబ్బ తగలదు.

ఆ గాలి పొద్దెక్కాకే మొదలవుతుంది. మడల నడుమ ఆకు కదలదు, ఉక్కకు చెమట ఆరదు, ఒళ్లు చల్లబడదు. మనిషికి గంటకు అర లీటరు నుంచి ముప్పావు లీటరు నీళ్లు, పైన ఒక లీటరు అదనం పెట్టుకోండి. లీటరు ఓఆర్‌ఎస్ ప్యాకెట్టును అర లీటరు సీసాలో కలపొద్దు, ఉప్పు రెట్టింపై దాహం పెరుగుతుంది. మాట తడబడితే నీడన పడుకోబెట్టి, ఒళ్లంతా తడిపి, 108కి ఫోన్ చేయండి. రోహిణి కార్తెలో ఈ దారి వద్దే వద్దు. డిసెంబరు నుంచి ఫిబ్రవరి మంచి కాలం.

అపోహ: బురదలో ఒట్టికాళ్లే మేలు. కాకపోతే గమ్‌బూట్లు.

మడ చెట్టు కింద వంగి చూడండి. బురదలోంచి పెన్సిలంత లావున, జానెడు ఎత్తున నిటారుగా పొడుచుకొచ్చిన వేళ్లు వందల్లో ఉంటాయి. చెట్టు వాటితోనే గాలి పీల్చుకుంటుంది. తొక్కితే చెట్టుకూ దెబ్బ, కాలికీ దెబ్బ. మధ్యలో ఆలిచిప్పలు కోసేస్తాయి. గమ్‌బూటును బురద పట్టేసుకుంటుంది, కాలు వస్తుంది, బూటు రాదు. పాత కాన్వాస్ బూట్లు రెండు ముళ్లేసి కట్టుకోవడం మంచిది. కాలు దిగబడితే గుంజొద్దు, రెండోదీ దిగుతుంది. వెనక్కి వాలి బరువు పంచి, మడమను అటూ ఇటూ ఆడిస్తే నీరు చేరి పట్టు వదులుతుంది. ఆసరాకని ఏ కొమ్మ పడితే ఆ కొమ్మ విరచొద్దు: తిల్ల చెట్టు పాలు కంట్లో పడితే తాత్కాలికంగా చూపు పోవచ్చు. పావుగంట మంచినీళ్లతో కడిగి ఆసుపత్రికి వెళ్లాలి.

అపోహ: తాబేలు గుడ్లు తీసి భద్రంచేస్తే పుణ్యం.

తీసి తిప్పితే లోపలి పిండం చచ్చిపోవచ్చు. జనవరి నుంచి మార్చి దాకా ఆలివ్ రిడ్లే తాబేలు గుడ్లు పెట్టిన గుంట కనబడితే దూరంగా జరిగి, అటవీ సిబ్బందికి చెప్పండి. తాబేలు పిల్లలు వెలుగు వైపు పోయి దారి తప్పుతాయి, కాబట్టి ఫ్లాష్ వద్దు.

అపోహ: చుట్టుదారేగా, అలసిపోతే తిరిగొచ్చేయొచ్చు.

సగం దాటాక వెనక్కి రావడమే ఎక్కువ దూరం. అందుకే మూడో వంతు దగ్గరే, గట్టు మీద ఉండగానే ఆగి చూసుకోండి: నీళ్లు మూడింట రెండొంతులు మిగిలాయా, ఆటుకు ఇంకా సమయముందా, అందరికన్నా నెమ్మదిగా నడిచేవారు ఎలా ఉన్నారు. ఒక్కటి తేడాగా ఉన్నా అక్కడినుంచే వెనక్కి రండి.