సోలార్‌కు బ్యాటరీ మళ్లీ ఎందుకు తోడైంది?

సోలార్‌కు బ్యాటరీ జతచేయడం కొత్త ఆలోచన అనుకుంటాం. కానీ మొదట్లో ఆ రెండూ కలిసే ఉండేవి. 1954లో అమెరికాలోని బెల్ ల్యాబ్స్ పరిశోధనశాలలో చాపిన్, ఫుల్లర్, పియర్సన్ అనే పరిశోధకులు సుమారు 6 శాతం సామర్థ్యంతో, అంటే తనపై పడే ఎండలో అంత భాగాన్ని కరెంటుగా మార్చే సిలికాన్ సోలార్ సెల్ తయారుచేశారు. తర్వాత సోలార్ ఎక్కువగా వెళ్లింది కరెంటు తీగలు చేరలేని చోట్లకే: ఉపగ్రహాలు, మారుమూల టెలికాం టవర్లు. అక్కడ రాత్రి గడవాలంటే బ్యాటరీ ఉండాల్సిందే.

గ్రిడ్‌కు కలిపాక ఆ అవసరం తీరిపోయినట్టు కనిపించింది. పగలు మిగిలిన యూనిట్లు తీగల్లోకి పంపి, రాత్రి తిరిగి తీసుకుంటే సరిపోయేది. అమెరికాలో 1980ల తొలినాళ్లలో మొదలైన నెట్ మీటరింగ్ ఇదే. లెడ్ యాసిడ్ బ్యాటరీ బరువు, నీళ్లు పోసే పని, కొన్నేళ్లకే మార్చాల్సిన ఖర్చు తప్పినందుకు అందరూ సంతోషించారు. జర్మనీ 2000లో తెచ్చిన చట్టం సోలార్ యూనిట్‌కు 20 ఏళ్లపాటు స్థిర ధర హామీ ఇచ్చింది. గిరాకీ పెరిగింది, చైనాలో భారీ ఉత్పత్తి మొదలైంది, ప్యానెళ్ల ధర పడిపోయింది. ఆ విధానాలను నేను తప్పుపట్టను. అవి లేకపోతే సోలార్ సామాన్యుల ఇళ్లపైకి వచ్చేది కాదు.

అయితే గ్రిడ్ దేన్నీ దాచుకోదు. ఏ క్షణంలో ఎంత వాడకం ఉంటే, ఆ క్షణంలో అంత ఉత్పత్తి జరగాలి. మీటర్‌లో జమైన యూనిట్లు కాగితం మీది లెక్కే. రాత్రి మనకొచ్చే కరెంటును ఎక్కడో మరో ప్లాంటు అప్పటికప్పుడు తయారుచేస్తుంది. పైగా కరెంటు పోతే, లైన్‌మెన్ భద్రత కోసం, ప్యానెళ్ల కరెంటును ఇంట్లో వాడే కరెంటుగా మార్చే మామూలు గ్రిడ్ ఇన్వర్టర్ కూడా ఆగిపోతుంది. మిట్టమధ్యాహ్నం ఎండ కాస్తున్నా ఇంట్లో ఫ్యాన్ తిరగదు. సోలార్ పెట్టించుకునే వారికి ముందే చెప్పాల్సిన విషయమిది.

2013లో కాలిఫోర్నియా గ్రిడ్ నిర్వాహకులు ఒక గ్రాఫ్ విడుదల చేశారు. పగలు సోలార్ వల్ల ఇతర ప్లాంట్ల అవసరం బాగా తగ్గి, పొద్దుగూకగానే నిట్టనిలువుగా లేస్తోంది. ఆ గీత బాతు ఆకారంలో ఉండటంతో దానికి 'డక్ కర్వ్' అని పేరొచ్చింది.

1991లో సోనీ మార్కెట్లోకి తెచ్చిన లిథియం అయాన్ బ్యాటరీ ఫోన్లు, ల్యాప్‌టాప్‌లు, కార్ల మీదుగా ఎదిగింది. 2010 తర్వాత దశాబ్దంలో దాని ధర దాదాపు 90 శాతం తగ్గింది. 2016లో దక్షిణ ఆస్ట్రేలియా రాష్ట్రమంతా చీకటైపోయింది. మరుసటి ఏడాది అక్కడ హార్న్స్‌డేల్‌లో, పవన విద్యుత్ కేంద్రం పక్కనే, 100 మెగావాట్ల బ్యాటరీ పెట్టారు. వాడకానికి ఉత్పత్తి చాలక గ్రిడ్ ఫ్రీక్వెన్సీ (కరెంటు లయ) పడిపోతే సెకనులోపే స్పందించగలదని అది నిరూపించింది.

2023 ఏప్రిల్ నుంచి కాలిఫోర్నియాలో కొత్త రూఫ్‌టాప్ కనెక్షన్ల నుంచి గ్రిడ్‌కు వెళ్లే కరెంటుకు చెల్లింపు బాగా తగ్గించారు. దాంతో పగటి కరెంటును అమ్మడం కన్నా సాయంత్రానికి దాచుకోవడమే లాభమైంది. 2024 ఏప్రిల్‌లో ఒక సాయంత్రం ఆ గ్రిడ్‌కు కాసేపు అత్యధిక కరెంటు ఇచ్చింది బ్యాటరీలే. ఇప్పుడు పెడుతున్న పెద్ద బ్యాటరీల్లో ఎక్కువ వాటి నిల్వ రెండు నుంచి నాలుగు గంటలకే వస్తుంది. సాయంత్రం వాడకం బాగా పెరిగే పీక్ సమయం దాటడానికి అది చాలు. రోజుల తరబడి మబ్బు పడితే మాత్రం ఇతర ప్లాంట్లు అందుకోవాల్సిందే.